చుక్కల గీత

అక్కా, నేను కులాసా. నీ కార్డు అందింది.

ధరల జోస్యాలు రాసే ఆఫీసులో టైపు పని దొరికిందన్నాను కదా, ఇక్కడి ఇంగ్లీషే వేరు. గ్రాఫులో ఇవాళ్టిదాకా గీత నిండుగా ఉంటుంది, రేపటి నుంచి అన్నీ చుక్కలే. నిన్న కిటికీలో మబ్బులు చూస్తూ ఆ చుక్కల వెంటే ఊహలో నడిచి మన వాకిట్లో ముగ్గు దాకా వచ్చేశాను. ఆ మైకంలో ధరలు తప్పకుండా తగ్గుతాయని టైపు చేసేశాను. మా ఆఫీసు పెద్దాయన ఎర్ర పెన్సిలుతో దాన్ని కొట్టేసి, "రేపటి మాట గట్టిగా చెప్పకూడదమ్మా. బహుశా అన్నట్టు ఒక 'లైక్లీ' తగిలించు, తప్పినా పరువు దక్కుతుంది" అన్నారు. ఇక అదే నోటికి పట్టుకుంది. పక్కగది మామ్మగారు "అన్నం తిన్నావా?" అంటే "లైక్లీ" అన్నాను!

అమ్మ మోకాలు ఎలా ఉంది? నా నీలం శాలువా ఓసారి ఎండలో వెయ్యి. బావగారికి నమస్కారాలు.

నీ పురుటికి వస్తావా అని అడిగావు. డాక్టరు చెప్పిన తేదీ కూడా చుక్కల గీతే, అటూ ఇటూ జరుగుతుంది. అందుకే వారం ముందే వస్తున్నాను. కడుపులో ఉన్నవాళ్లకి చెప్పు, పిన్ని వస్తోందని. లైక్లీ కాదు, వస్తోందని.

నీ చెల్లి