బడిలో పెట్టే ఉప్మా

అప్పా,

నీ తమ్ముడు రాసే ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అస్సాం తేయాకు తోటల్లో పని ఇప్పిస్తానని ఒకాయన నీకు కడుపునిండా అన్నం పెట్టి, కొత్త కోక ఇచ్చి రైలెక్కించాడు. ఆ తరువాత నీ కబురే లేదు. ఊరికే పెట్టేవాళ్లంటే నాకు అప్పటినుంచీ భయం.

కొన్నేళ్ల కిందట మన ఊరికి బడి వచ్చింది. పిల్లలందరూ చదవాలని ఢిల్లీ నుంచి ఉత్తర్వట. బడికి వచ్చిన పిల్లలకు మధ్యాహ్నం మొక్కజొన్న నూకతో ఉప్మా పెట్టేవారు. నా కూతురు గౌరి వెళ్తానంటే, నేను పొలం పని మానుకుని బడి గుమ్మంలో కాపలా కూర్చున్నాను. ఉప్మా వడ్డిస్తుండగా పంతులమ్మను అడిగేశాను.

"ఊరికే ఎందుకు పెడతన్నారు? మా పిల్లల్ని ఎక్కడికి తోలుకుపోతారమ్మా?"

ఆమె విజయనగరం మనిషి. గరిటె పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది.

"ఎక్కడికీ కాదు అన్నయ్యా. పిల్లలు రాకపోతే బడి ఎత్తేస్తారు, నా ఉద్యోగం పోతాది. మా అమ్మ నా జీతం మీదే బతుకుతున్నాది."

దేశం కోసమని చెప్పి ఉంటే గౌరిని అప్పుడే లాక్కొచ్చేవాణ్ణి. ఆవిడకూ అవసరం ఉందని తెలిశాకే నమ్మబుద్ధయింది.

ఇప్పుడు గౌరి అయిదో తరగతి పాసైంది. ఇవాళ బడుల ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చాడు. పట్నంలో ఆడపిల్లల హాస్టలు ఉందట. తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ సర్కారువేనట. గౌరి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం నువ్వెక్కిన రైలు గుర్తొచ్చింది.

"ఏటంటావు?" అన్నాడాయన.

"ముందు నన్ను తీసుకెళ్లండి బావూ," అన్నాను. "నాను తిరిగొస్తే, అప్పుడు దాన్ని పంపుతాను."