తలనొప్పి మాత్ర పక్కన

చెల్లాయ్,

ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. అందుకే మా జీపు డ్రైవరు చేత ఉత్తరం పంపుతున్నాను.

బావ జేబులో దొరికిందని నువ్వు పంపిన మాత్రను మా చెక్‌పోస్టు మిషన్‌కు చూపించకూడదనే అనుకున్నాను. కవరు విప్పకుండానే, లేజరు వెలుగు పడితే చాలు, లోపల ఉన్నదేమిటో అది పేరుతో సహా చెప్పేస్తుంది. చూసిన ప్రతిదాన్నీ దాచుకుంటుంది కూడా. చెరపడం నా తరం కాదు.

మిషన్ సరిగ్గా ఉందో లేదో తెలియాలని రోజూ డ్యూటీ ఎక్కగానే ముందు ఒక తలనొప్పి మాత్రను చూపిస్తాం. ఈ ఉదయం కంటితోనే పోల్చి చూద్దామని దాని పక్కనే నీ మాత్ర పెట్టి, మంచినీళ్లకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా హెడ్డు కానిస్టేబులు పొరపాటున నీదే చూపించాడు. తెర ఎర్రబడింది.

"ఇదెక్కడిదోయ్?" అన్నాడు.

నేను తెర మీది పేరు చదువుకుంటున్నాను.

"ఎక్కడిదో సాయంత్రంలోగా రాసివ్వు" అని వెళ్లిపోయాడు.

అది బావ నీకు చెప్పినట్టు బలం మాత్ర కాదమ్మా. నిద్రను చంపే మత్తుమందు. రాత్రీ పగలూ లారీ ఎలా తోలుతున్నాడో ఇప్పుడర్థమైంది. మా గేటు దాటేటప్పుడల్లా "ఏం బావా, నన్ను తనిఖీ చెయ్యవా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వి పంపేసేవాణ్ణి.

ఉన్నదున్నట్టే రాసిస్తాను. తిట్టుకుంటావు, తిట్టుకో. మిగతా మాత్రలు దాచకు, పారెయ్యకు. ఆయన మీద అరవకు. బండి తాళాలు మాత్రం నీ దగ్గర పెట్టుకో.

మా పోలీసువాళ్లతో నేనే వస్తాను. అందాకా ఆయన్ని కంటినిండా నిద్రపోనివ్వు.

నీ అన్న