తొక్కని నీళ్లు

జూన్ 17, సోమవారం, ఉదయం 7.40

నీలం చేప చచ్చింది. నిన్న మేత వేస్తే అన్నిటికంటే ముందు పైకి వచ్చిన చేప. ఇప్పుడు ఫిల్టర్ పక్కన వెల్లకిలా పడి ఉంది.

అమోనియా సున్నా. నైట్రైట్ సున్నా. ఉప్పు సరిగ్గానే ఉంది. వేడి ఇరవై ఆరు. పీహెచ్ మాత్రం ఎనిమిదిన్నర దాటి చూపిస్తోంది, ఎనిమిది పాయింట్ రెండు ఉండాలి. కిట్ పాతది, దాన్ని నమ్మలేను. పదహారేళ్లుగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. మూడడుగుల గాజుపెట్టె నాకో లెక్కా అనుకున్నాను. బాగా అయింది నాకు.

మంచి సంగతి ఒకటుంది. మా పాప లీల రాత్రంతా దగ్గలేదు. మూడు రోజుల పిల్లికూతలు, నిన్న సాయంత్రం నేను మార్కెట్‌కు పోయి వచ్చేసరికి తగ్గుముఖం పట్టాయి. పొద్దున ఇడ్లీ అడిగి మరీ తిన్నది. ఆరేళ్ల పిల్ల ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

చేపను చూసి మా అత్త ఉరుకుందమ్మ పోయిందా అని మాత్రం అడిగింది. అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

జూన్ 19, బుధవారం

ఈ పెట్టె పెట్టిందే లీల కోసం. సముద్రం చూడాలని దాని పోరు. దుమ్ము, ప్రయాణాలు వద్దని డాక్టర్ ఖండితంగా చెప్పాడు. సముద్రాన్నే ఇంటికి తెస్తాలే అని నోరు జారాను. కొత్త బస్టాండు దగ్గర చేపల షాపు పెట్టుకున్న లేవి, చెన్నై నుంచి బస్సులో ఐదు చేపలు తెప్పించి ఇచ్చాడు. ఇప్పుడు నాలుగు.

అత్త ఏప్రిల్‌లో కోసిగి నుంచి వచ్చింది, పిల్లను చూసుకోవడానికి. మొదటిరోజు పెట్టె ముందు నిలబడి, సముద్రమంతా ఈడనే ఉండాదే, మా ఊర్లో బిందెడు నీళ్లకి కొట్టుకుంటాండారు, ఈ చేపలు ఏం పుణ్యం చేసుకున్యాయో అన్నది. కర్నూలు ఎండకు రోజూ వేలెడు నీళ్లు ఆవిరైపోతాయి. మూత తీసి చెంబుడు ఆర్వో నీళ్లు పోసే పని ఆమెకే అప్పజెప్పాను. ఒక్క రోజు కూడా మరవదు.

జూలై 3, బుధవారం, ఉదయం

ఇంకోటి. తెల్లచారల నారింజ జంటలో ఒకటి. రెండోది అది పడుకునే రాయి చుట్టూ తిరుగుతూనే ఉంది.

పీహెచ్ మళ్లీ ఎక్కువ. నీళ్లు ఎక్కడో కాస్త పచ్చగా కనిపిస్తున్నాయి. పంపు రెక్కలకు తెల్లటి పొర పట్టింది, గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది. బొగ్గు ఫిల్టర్ వేశాను. లేవికి ఫోన్ చేస్తే, కొత్త రాళ్లేమన్నా ఏసినారా మేడం, పంపులోనుంచి కరెంటు లీకవుతాందేమో చూడండప్పా అన్నాడు. టెస్టర్ పెట్టి చూశాను. ఏమీ లేదు.

జూలై 4, గురువారం

సోమ, మంగళవారాలు నెబులైజర్ ముక్కుకు పెట్టుకుని పడుకున్న పిల్ల నిన్న పొద్దున్నే తేరుకుని, ఈరోజు మూడంతస్తుల మెట్లు పరుగున దిగి స్కూలు ఆటో ఎక్కింది. సంతోషం పట్టలేక బాల్కనీలో నిలబడి ఏడ్చాను.

జూలై 6, శనివారం

రెండు. ఒకేసారి రెండు. ఎర్రతోకది, ఇసుకలో దాక్కునేది.

ఏం చేయకుండా మిగిల్చాను నేను? దోమల కాయిల్ మానేశాం. అగరుబత్తి మానేశాం. ఆర్వో ప్లాంటు మార్చాను. మా ఆయన హనుమేష్ ఓర్వకల్లు సోలార్ ప్లాంటు నుంచి మోసుకొచ్చే దుమ్ముకు భయపడి బూట్లు తలుపు బయటే విడిపిస్తున్నాను. చేపల కోసం నన్ను కూడా బయటే పండుకోమంటావా అన్నాడు. కొత్త కిట్ తెచ్చాను. అదీ పీహెచ్ తొమ్మిదే చూపించింది. పాపం పాత కిట్ మొదటినుంచీ నిజమే చెప్పింది.

నిన్న లీలకు ఎన్నడూ లేనంత ఎక్కువైంది. పెదాలు నల్లబడ్డాయి. ఆస్పత్రిలో నెబులైజర్ పెట్టి, సాయంత్రానికి తగ్గకపోతే అడ్మిట్ చేయాలన్నారు. ఇంటికి వచ్చి నేను లోపల బ్యాగు సర్దుతుండగా తగ్గిపోయింది. అత్త పిల్లను ఒళ్లో వేసుకుని జోకొడుతోంది. నిన్న అమావాస్య.

జూలై 7, ఆదివారం, ఉదయం 11

పీహెచ్ ఏ రోజు ఎంతుందో చూద్దామని ఈ డైరీ వెనక్కి తిప్పాను. తిప్పకుండా ఉండాల్సింది.

చేప చచ్చిన ప్రతి పొద్దునా లీల బాగుంది. పిల్లకు ఆయాసం మామూలుగా వచ్చినప్పుడు ఒక చేప. పెదాలు నల్లబడిన రోజు రెండు.

సాయంత్రం 4

లీల గాజుకు ముక్కు ఆనించి మిగిలిన చేపతో గుసగుసలాడుతోంది. ఏమంటోందే అని అడిగాను. దానికీ దగ్గు వస్తాందమ్మా అన్నది.

జూలై 9, మంగళవారం

దొరికింది.

మూత తుడుస్తుంటే అంచున తెల్ల సిలికాన్ మీద పసుపుపచ్చటి మరక. సబ్బునీళ్లు ఒక చుక్క వేశాను, ఎర్రబడింది. నిమ్మరసం వేశాను, మళ్లీ పచ్చబడింది. ప్రతి ఏడాదీ మొదటి నెలలో పిల్లలకు నేను చేసి చూపించే ప్రయోగమే. అత్త ఆకువక్కల సంచి చూశాను. సున్నం డబ్బీ దాదాపు ఖాళీ.

పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లు. దిష్టినీళ్లు.

ఆమె దాచలేదు. నేనే పోసినా, పిల్లకి దిష్టి తీసి పోసినా అన్నది. తీసిన నీళ్లు ఎవురూ తొక్కని చోట పొయ్యల్ల. ఈ మూడో అంతస్తులో యాడ పొయ్యల్ల చెప్పు? రోడ్డు మీద పోస్తే ఇంగొకరి బిడ్డ తొక్కుతాది. సముద్రాన్ని తొక్కేటోళ్లు లేరు గదా అన్నది.

అరిచాను. నోటికి వచ్చినవన్నీ అన్నాను. నీకు చేపలు కనపడతాండాయి, నాకు పిల్ల కనపడతాండాది అన్నది. ఆ మాట నన్ను కోసేసింది, అందుకే ఇంకా అరిచాను. సున్నం ఎంత ఘాటో, పీహెచ్ పెరిగితే చేపల మొప్పలు ఎలా కాలిపోతాయో క్లాసు చెప్పినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నది. మొప్పలంటే వాటి ఊపిరే గదా అని అడిగింది. అవునన్నాను.

మరి నేను అడిగింది అదే గదా అన్నది.

జూలై 11, గురువారం

అత్త కోసిగికి వెళ్లిపోయింది. హనుమేష్ బస్సు ఎక్కించి వచ్చాడు. నాతో మాట్లాడటం లేదు.

జూలై 20, శనివారం

సగం నీళ్లు మార్చాను. పీహెచ్ ఎనిమిది పాయింట్ రెండు. నారింజ చేప మేతకు ఎగబడుతోంది. కారణం దొరికాక భయం దేనికి? లీల విషయంలో అంతా కాకతాళీయం. సాయంత్రాలు గాలి చల్లబడితే ఆయాసం తగ్గడం మామూలే.

ఆగస్టు 1, గురువారం

లీలకు మొదలైంది.

ఆగస్టు 3, శనివారం, ఆస్పత్రి

ఆక్సిజన్ ఎనభై తొమ్మిది. స్టెరాయిడ్ ఇచ్చారు. పని చేయడానికి టైం పడుతుందంటున్నారు. పిల్ల ఏడవడం లేదు, ఏడవడానికి ఊపిరి చాలడం లేదు. నా చేప ఎట్లుందమ్మా అని రెండు ముక్కలుగా అడిగింది.

ఆగస్టు 4, ఆదివారం, సాయంత్రం 6.15

పొద్దున కాస్త నయమని ఇంటికి పంపారు. మధ్యాహ్నం నుంచి మళ్లీ అదే. భుజాలు ఎగురుతున్నాయి. పక్కవీధిలో పెట్టిన కారు తేవడానికి హనుమేష్ కిందికి పరుగెత్తాడు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో నేనేం చేశానో రాస్తున్నాను.

పెట్టెలో నూట ఇరవై లీటర్లు. అత్త వదిలిపోయిన డబ్బీ గీకితే గోరంచున నిలిచేంత సున్నం. లెక్క వేశాను, పీహెచ్ కదలనైనా కదలదు. చేపకు తెలియనైనా తెలియదు. పిల్లా బతకాలి, చేపా బతకాలి. పసుపు కలిపితే గిన్నెలో నీళ్లు లేత ఎరుపు తిరిగాయి. కుడినుంచి మూడుసార్లు, ఎడమనుంచి మూడుసార్లు తిప్పాను. అత్త ఏమని అంటుందో నాకు తెలియదు. మూత తీసి పోస్తూ, తీసుకో అన్నాను. ఎవరితో అన్నానో తెలియదు.

కారు హారన్ వినిపించేసరికి లీల నా భుజం మీద నిద్రపోతోంది.

ఆగస్టు 5, సోమవారం, ఉదయం 8.10

పీహెచ్ ఎనిమిది పాయింట్ రెండు. రెండు కిట్లతో మూడేసిసార్లు చూశాను. అమోనియా సున్నా. నైట్రైట్ సున్నా. ఉప్పు సరిగ్గానే ఉంది. వేడి ఇరవై ఆరు.

చేప తన రాయి పక్కన పడి ఉంది.

స్టెరాయిడ్ పని చేసి ఉంటుంది. డాక్టర్ కూడా అదే అంటాడు. లీల రెండు ఇడ్లీలు తిని మూడోది అడిగింది. ఛాతీకి చెవి ఆనించి విన్నాను. ఒక్క కూత లేదు.

అత్త ఫోన్ చేసింది. పిల్ల ఎట్లుండాదని అడగలేదు. ఇంగెన్ని ఉండాయి అని అడిగింది.

ఆగస్టు 6, మంగళవారం

లేవికి ఫోన్ చేశాను. నీళ్లు కుదురుకోనీండి మేడం, ఇప్పుడు ఏస్తే సచ్చిపోతాయి అన్నాడు. ఏ రకమైనా పర్వాలేదు, ఎన్ని దొరికితే అన్ని తెప్పించమన్నాను.