చైను చప్పుడు

అమ్మగారికి,

మీ కారు నడిపే పైలట్ నమస్కరించి రాసేది. రోజూ కనపడే మనిషి ఉత్తరం రాయడమేంటని మీకు నవ్వు రావొచ్చు. ఎదురుగా నిలబడి చెప్తే మీరు తిడతారు. తిట్టడం న్యాయమే, కానీ ఆ తిట్లు నాకు సగమే వినపడతాయి. ఇన్నేళ్ళకి పడుతున్న తిట్లు, పూర్తిగా పడాలి కదా. అందుకని కాగితం పట్టుకున్నాను.

నాకు చెవులు పోయాయి అమ్మగారూ. ఎడమది మూడేళ్ళ కిందటే సెలవు తీసుకుంది. కుడిది ఉందంటే ఉంది, లేదంటే లేదు. ముఖాముఖి మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తాను. వెనకనుంచి మాట్లాడితే మాత్రం సున్నా.

ఇక కారు సంగతి. అయ్యగారు కొన్న రోజున వీధంతా వచ్చి తలుపులు వేసి, తీసి, చప్పుడు లేకుండా ఎలా మూసుకుంటోందో చూసి వెళ్ళారు. పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పుడు దానికి లేని జబ్బు లేదు. కింద గాలి స్ప్రింగులు కారిపోయి, పొద్దున్నే చూస్తే వెనక భాగం గేదెలా కూలబడి ఉండేది. స్టార్టు చేస్తే మూలుగుతూ లేచేది. నా మోకాళ్ళూ అదే బాపతు కాబట్టి నేనేమీ అనేవాణ్ణి కాదు. కిటికీ అద్దం దించితే మళ్ళీ పైకి రాదు. ముందు లైటు ఒకటి మార్చడానికైనంత డబ్బుతో మా తమ్ముడు స్కూటరే కొనుక్కున్నాడు.

ఇవన్నీ కంటికి కనపడే జబ్బులు, కనపడినవన్నీ పట్టుకున్నాను. ఇంజనుని చంపింది చెవికి వినపడే జబ్బు. లోపల ఒక చైను ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీలు వయసుకి విరుగుతాయి. అప్పుడు పొద్దున్నే స్టార్టు చేయగానే డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు గలగలమంటుంది. అప్పుడే పట్టీలు మార్పిస్తే నా నెల జీతమంత ఖర్చుతో పోయేది. పట్టించుకోకపోతే చైను జారి, ఇనుమూ ఇనుమూ కొట్టుకుని ఇంజను ముక్కలవుతుంది. కొత్త ఇంజను వేయించే డబ్బుకి ఇలాంటి పాత కార్లు రెండొస్తాయి. మన కారు మూడు నెలలపాటు గలగలమందట. పేపరు వేసే అతనికి కూడా వినపడిందట. నాకు తప్ప అందరికీ.

మెకానిక్‌ని ఇంజను పోయిన రోజున మీరు దొంగ అన్నారు. గాలి స్ప్రింగులు మార్చిన రోజున ఇంజను చూసి కూడా చెప్పలేదన్నారు. "చెప్పానమ్మా, అన్నకి చెప్పాను" అన్నాడు వాడు. మీరు నా వైపు తిరిగి "చెప్పాడా?" అని అడిగారు. నాకు తెలిసినంతలో చెప్పలేదు. లేదన్నాను. ఆ తర్వాత మన వీధిలో నాలుగిళ్ళవాళ్ళు వాడి షెడ్డుకి వెళ్ళడం మానేశారు.

నిన్న వెళ్తే షెడ్డులో ఒక్క కారు లేదు. వాడు నా ముఖంలో ముఖం పెట్టి మెల్లగా చెప్పాడు. "అన్నా, ఆ రోజు బానెట్ కింద తల పెట్టి చెప్పాను. చైను మోగుతోంది, వారంలోగా తీసుకురా, అమ్మగారికి చెప్పు అని. నువ్వు తలూపావు. నీకు వినపడలేదని అమ్మగారు అడిగినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు."

"మరి ఆవిడ అడిగినప్పుడు నా చెవుల సంగతి చెప్పొచ్చు కదరా?"

"చెప్తే నీ ఉద్యోగం పోదూ?" అన్నాడు.

తలూపే ఉంటాను. మూడేళ్ళుగా వినపడని ప్రతి మాటకీ తలూపుతూనే బతుకుతున్నాను. వాడి తప్పు ఆవగింజంత కూడా లేదు. వీధిలోవాళ్ళకి ఆ మాట మీరే చెప్పాలి, నేను చెప్తే ఎవరూ నమ్మరు. చెవులు లేనివాడు బండి నడపకూడదు కాబట్టి తాళాలు ఈ కవరులోనే పెట్టాను.

మీ
పైలట్

*

పైలట్‌కి,

ఆయన నిన్ను అలా పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. మెకానిక్ దగ్గరికి నేనే వెళ్ళాను. క్షమించమన్నాను. అతను కుర్చీ తుడిచి వేశాడు, దాంతో ఇంకా సిగ్గేసింది. నాలుగిళ్ళకీ వెళ్ళి నోరుజారింది నేనేనని చెప్పి వచ్చాను.

చైను చప్పుడు నాకూ వినపడింది. మూడు నెలలూ విన్నాను. మన పైలట్‌కి తెలియనిదా, భయం లేదు కాబట్టే ఊరుకున్నాడు అనుకున్నాను. కాబట్టి ఆ ఇంజనుని ఇద్దరం కలిసే చంపాం. శుక్రవారం లారీ వచ్చి కారుని తీసుకెళ్తుంది. తాళాలు నీకు తిరిగి పంపడం లేదు. నడపడానికి ఇక ఏముంది?

నా బాధ కారు గురించి కాదు. ఆయన పోయిన ఈ రెండేళ్ళలో నీ వెనక కూర్చుని ఎన్నో మాట్లాడాను. నువ్వు అద్దంలో చూసి తలూపేవాడివి. మధ్యలో అడ్డుపడకుండా, సలహాలు చెప్పకుండా వినే మనిషి ఒక్కడున్నాడనుకున్నాను. నా పిల్లలకి చెప్పనిది నీకు చెప్పాను. ఆయన తనంతట తాను పోలేదు. ఆసుపత్రిలో ఊపిరి మిషను తీసేయమని సంతకం పెట్టింది నేనే. పెట్టేముందు ఎవరినైనా ఒక్కరిని అడుగుదామనుకున్నాను, ఎవరూ దొరకలేదు. అప్పటికి పిల్లలింకా దారిలోనే ఉన్నారు. ఆయన బాధపడుతున్నారని పెట్టానో, చూడలేక పెట్టానో నాకే తెలియదు.

అది చెప్పిన రోజున నువ్వు ఇంటి మలుపు తిరగలేదు. వంతెన దాటించి గంటసేపు తిప్పావు. ఒక్క మాట అడగలేదు. అదే నీ జవాబనుకున్నాను. ఇంటికొచ్చి, ఎన్నో రోజులకి మొదటిసారి కడుపునిండా తిన్నాను. ఇప్పుడేమో ఏమీ వినలేదంటున్నావు. మరి ఆ మలుపు ఎందుకు తిరగలేదు? దారి తప్పావా? నిజం రాయి.

వెనక సీట్లో మనిషి

*

అమ్మగారికి,

దారి తప్పలేదు. ఆ రోజు మీరన్నది ఒక్క ముక్క వినపడలేదు. అద్దంలో మీ కళ్ళు కనపడ్డాయి. ఆ కళ్ళతో ఉన్న మనిషిని ఎవరూ లేని ఇంటి ముందు దించబుద్ధి కాలేదు. అవి ఆరేదాకా తిప్పుదామనుకున్నాను. పెట్రోలు ముల్లు కిందికి పడిపోతుంటే వెనక్కి తిప్పాను. నిజం రాయమన్నారు కాబట్టి అది కూడా రాస్తున్నాను.

సంతకం సంగతి చదివాను. తప్పో ఒప్పో చెప్పేంత చదువు నాకు లేదు. ఆఖరి వారంలో ఆసుపత్రిలో అయ్యగారిని చూడ్డానికి పైకి వచ్చాను. నన్ను పోల్చుకోలేదు. కిందికొచ్చి, శుభ్రంగా ఉన్న కారునే మళ్ళీ తుడిచాను.

ఎవరూ దొరకలేదని రాశారు. అమ్మగారూ, అయ్యగారు పోయిన ఆ మధ్యాహ్నం మీరు నాకు నాలుగుసార్లు ఫోను చేశారు. నేను ఆసుపత్రి కిందే, కారులోనే ఉన్నాను. ఫోను పక్క సీటు మీదే ఉంది. సాయంత్రం చూసుకున్నాను. అప్పటికి అంతా అయిపోయింది. కారు గుమ్మం ముందుకి తెమ్మని చేసి ఉంటారనుకున్నాను. రెండేళ్ళుగా అలాగే అనుకుంటున్నాను. మీరు ఒక్కసారి కూడా ఎందుకెత్తలేదని అడగలేదు.

పైకి వచ్చి ఉంటే ఏం చెప్పేవాణ్ణో తెలియదు. పక్కన నిలబడేవాణ్ణి.

శుక్రవారం లారీ ఎప్పుడొస్తుందో నాకు ఫోను చేయకండి. తెల్లవారగానే వచ్చి మీ మెట్ల మీద కూర్చుంటాను.

మీ
పైలట్