స్పందన లేదు, చంపాలా?

మంగళవారం, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

మేం ముగ్గురం రాస్తున్న తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ని తన క్లినిక్‌లో పాత కంప్యూటర్‌కి ఎక్కించుకున్న నర్సు మెర్సీ పొద్దున ఫోన్ చేసింది.

“అన్నా, ప్రోగ్రామ్ హ్యాంగ్ అయితే మీ సిస్టమ్ ‘స్పందన లేదు, చంపాలా?’ అని అడగతా ఉండాది. డ్రిప్ ఎక్కుతున్న పేషెంట్ భార్య చదివేసింది.”

ఇంగ్లీషు సిస్టమ్‌లలో ‘కిల్’ అని ఉన్నదాన్నే తెలుగు చేశాం. ఇన్నాళ్లూ మా ముగ్గురికీ అందులో తప్పేమీ కనిపించలేదు.

“కోడ్ అందరికీ తెరిచే ఉండాది, ఆ మాట నువ్వే మార్చి పంపమ్మా” అన్నాను.

సాయంత్రానికి పంపింది: ‘ఆగిపోయింది, మూసేయనా?’ బయటినుంచి మాకు వచ్చిన మొదటి సవరణ. వెంటనే చేర్చేశాను. రేపు ఊరూ పేరూ తెలియనివాళ్లు పంపితే ఎవరు సరిచూస్తారో... చూసుకుంటాం.

ఇప్పుడే మెసేజ్ పెట్టింది: “అన్నా, మన సిస్టమ్‌లో ఇంకా శానా తప్పులుండాయి.”