ఇరవయ్యో స్థానం రద్దు

వాగడూగూ నగరం గుంఘిన్ పేట కాపురస్తుణ్ణి, కీర్తిశేషులు నికియెమా సిబిరి కుమారుణ్ణి, డెబ్బై ఏడేళ్ళవాణ్ణి, ప్రభుత్వ సినిమా వ్యానులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరూరా బొమ్మలు ఆడించి రిటైరైనవాణ్ణి, నికియెమా టెన్నోగా అను నేను, బుద్ధి స్థిరంగానూ జ్ఞాపకం చాలామటుకు సరిగానూ ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, కానీ చాలా భయంతో రాసి ఇస్తున్న వీలునామా ఇది.

భయం అన్న మాట కొట్టెయ్యమని నోటరీ సవడోగో గారు రెండుసార్లు చెప్పారు. కొట్టెయ్యను. గుండె డాక్టరు పోయిన నెల నా ముఖం చూడకుండా గోడకేసి మాట్లాడాడు. చావంటే భయం కాదు. నన్ను పూడ్చేనాడు తిట్టేవాడు రాడేమోనని భయం.

1. ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు అని రాయడం రివాజట. నేను వీలునామా ఎప్పుడూ రాయలేదు. ఒక జాబితా రాశాను. పన్నెండేళ్ళ కిందట మన దేశపు సినిమాల్లో ఉత్తమమైన ఇరవై ఏరి, వరసన పెట్టమని ఏడుగురిని కూర్చోబెట్టారు. మొదటి పదీ విదేశపు ల్యాబుకి వెళ్ళి శుభ్రపడి, కొత్త కాపీలతో తిరిగొస్తాయన్నారు. నాకంటే ఎక్కువసార్లు ఆ సినిమాలు చూసినవాడు లేడని నన్నూ పిలిచారు. ఆ రోజు నా చేత్తో రాసిన జాబితాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

2. ఇల్లు నా కూతురు మార్సెలీన్‌కీ కొడుకు గుస్తావ్‌కీ చెరి సగం. కోళ్ళు మార్సెలీన్‌కి. మోపెడ్ గుస్తావ్‌కి. దానికి బ్రేకులు పడవు, చెప్పలేదనకుండా ఇక్కడే చెబుతున్నాను.

3. తెల్లటి తెర మార్సెలీన్‌కి. అది వాళ్ళమ్మ పోకో ఆరు దుప్పట్లు కలిపి కుట్టింది. వ్యానువాళ్ళిచ్చిన తెర గాలికి చిరిగిపోతే, ఆ నెల మేం కప్పుకోవడానికి దుప్పట్లు లేవు. అలాంటి తెరను గుస్తావ్ సిమెంటు బస్తాల మీద కప్పాడు. వాణ్ణి క్షమించాను, మర్చిపోలేదు. ఆ తెరలో నన్ను చుట్టొద్దు. దాని మీద బొమ్మ పడాలి గానీ మట్టి పడకూడదు.

4. ఇప్పుడు జెర్బో ద్రామాన్ సంగతి. ఈ పేరాగ్రాఫు నాలుగుసార్లు చింపి రాశాను.

ద్రామాన్ తూగాన్ నుంచి వచ్చిన సామో వాడు, నేను మోసీ వాణ్ణి. మా రెండు జాతులకీ తాతల నాటి వేళాకోళపు చుట్టరికం. వాడు నన్ను బానిస అంటాడు, నేను వాణ్ణి కుక్క తలకాయలు తినేవాడా అంటాను. ఎంత తిడితే అంత ప్రేమ. ఈ దేశంలో ఇది పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. వాడు తన జీవితం మొత్తంలో ఒకే ఒక్క సినిమా తీశాడు, "పిండిరాయి". కరువు ఏడాదిలో ఇంట్లో గింజ లేని ఒక తల్లి, పక్కింటివాళ్ళకి ఆ సంగతి తెలియకూడదని రోజూ సాయంత్రం ఖాళీ రాయి నూరుతుంది. అంతే కథ. దాన్ని నేను నాలుగు వందల ఊళ్ళలో ఆడించాను. సామో మాటలు అందరికీ అర్థం కావని మైకు పట్టుకుని మా మోసీల మూరే భాషలో తల్లి మాటలూ పిల్లల మాటలూ నేనే చెప్పేవాణ్ణి. నా గొంతు విని ఊళ్ళు ఊళ్ళు ఏడ్చేవి.

ఆ సినిమాకి నేను ఇరవయ్యో స్థానం రాశాను. పక్కన, "కుక్కలు తినేవాడి సినిమాకి ఇదే ఎక్కువ" అని కూడా రాశాను. మోసీ వాడు సామో వాణ్ణి అట్టడుగున పెట్టాడంటే నెత్తిన పెట్టుకున్నాడని అర్థం. అందరూ నవ్వుతారు, నా కాగితం తలకిందులు చేసి లెక్కేస్తారు అనుకున్నాను. అంకెలు కూడినాయన విదేశాల నుంచి వచ్చిన అతిథి. ఆయన నవ్వలేదు, కూడాడు. "పిండిరాయి" పదకొండోది అయ్యింది, ల్యాబుకి వెళ్ళలేదు.

ఎవరికైనా అభ్యంతరం ఉందా అని కమిటీ అధ్యక్షుడు గట్టిగానే అడిగాడు. గదినిండా పెద్దమనుషులు, కెమెరాలు. అదంతా పరాచికం బాబయ్యా అని లేచి చెబితే నన్ను తెలివితక్కువవాడంటారని భయం వేసింది. కూర్చునే ఉన్నాను. పరాచికం తప్పు కాదు, లేవకపోవడం తప్పు. ఊళ్ళు నా గొంతుకి ఏడిస్తే పేరు వాడికి వచ్చిందన్న కడుపుమంట నాలో ఆవగింజంత కూడా లేదని ఒట్టు వెయ్యమంటే, వెయ్యలేను.

మర్నాడు ద్రామాన్ మా ఇంటికొచ్చి నా గిన్నెలో సంకటి తింటూ, "ఒరే బానిసా, ఇరవయ్యో స్థానమేమిట్రా? ఇరవై ఒకటి రాయడం చేతకాలేదా నీకు?" అని పడీపడీ నవ్వాడు. ఆ అంకెను కూడారని వాడికి తెలియదు. నేను చెప్పలేదు. రెండేళ్ళకి ఒక ఏప్రిల్‌లో ఫిల్ముల గదిలో చల్లటి గాలి మిషను ఆగిపోతే ఎవరూ బాగు చేయించలేదు. డబ్బా మూత తీస్తే పులిసిన వాసన, రీళ్ళు బెల్లపు అచ్చులా అతుక్కుపోయి ఉన్నాయి. ఉన్న కాపీ అదొక్కటే. నెగటివ్ ఏనాడో పోయింది.

అప్పుడు చెప్పాను. వాడు డబ్బా ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. "పరవాలేదండీ నికియెమా గారూ, మీరు మాత్రం ఏం చేస్తారు," అన్నాడు.

గారూ! ఒక్క తిట్టూ లేదు. మూడు వీధుల అవతలే వాడి ఇల్లు. పదేళ్ళుగా శుక్రవారం మసీదు నుంచి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగి, టోపీ సర్దుకుని, "మీ ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని అడిగి పోతున్నాడు. గురువారం నుంచే నాకు దడ మొదలవుతుంది.

5. ఏడు నోట్‌బుక్కులున్నాయి, మంచం కింద రేకుపెట్టెలో. "పిండిరాయి" మొత్తం షాటు తర్వాత షాటు, మాట తర్వాత మాట గుర్తున్నంతా రాశాను. మొదట్లో వచ్చే మేక దగ్గు కూడా రాశాను. నోట్‌బుక్కులూ మైకూ మార్సెలీన్‌కి. సినిమా బడి పిల్లలు అడిగితే చదివి వినిపించాలి. ఏడో పుస్తకంలో చివరి పేజీ ఖాళీ. మర్చిపోయి కాదు. జనం లేచేలోపల వైర్లు చుట్టుకోకపోతే తొక్కి తెంపేస్తారు. అందుకని ఆఖరి షాటు వచ్చేసరికి నేనెప్పుడూ తెరకి వీపు పెట్టి వైర్లు చుట్టుకుంటూ ఉండేవాణ్ణి. కమిటీలో, అందరం చూసినవే కదా అని మళ్ళీ వెయ్యలేదు. అంటే చివరి షాటు చూడకుండానే ఆ సినిమాకి స్థానం ఇచ్చాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

6. నా కొత్త జాబితా. ఒకటో స్థానం "పిండిరాయి". మిగతా పంతొమ్మిదీ మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోండి.

7. ద్రామాన్‌కి ఏమీ ఇవ్వడం లేదు. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆస్తి చెల్లదని నోటరీ గారు చెప్పారు. వాణ్ణి సాక్షిగా పిలిచాను. చదవకుండా సంతకం పెట్టే రకం కాదు, అందుకే పిలిచాను.

8. మోసీ వాడు చస్తే వేళాకోళపు చుట్టం వచ్చి పాడెకి అడ్డం పడాలి, దొంగ ఏడుపులు ఏడవాలి, గోతిలోకి దిగి పడుకుని ఇది నాది లేవనని మొండికెయ్యాలి. మా నాన్నకి అలాగే జరిగింది, ఏడ్చేవాళ్ళందరూ నవ్వారు. నాకు ద్రామాన్ మర్యాదగా వచ్చి, టోపీ తీసి, మంచివాడండీ అని చెప్పి వెళ్ళిపోతాడేమో. ఆ మాట వింటూ మట్టికిందికి పోవాలంటే నాకు చచ్చేంత భయం. వాడు తిట్టకపోతే ఇంకెవరూ ఆ పని చెయ్యొద్దు. అద్దెకి తిట్టేవాణ్ణి తేవొద్దు.

2021 ఫిబ్రవరి పద్నాలుగో తేదీ, ఆదివారం, గుంఘిన్‌లో మా ఇంటి వసారాలో.

(సంతకం) నికియెమా టెన్నోగా

మొదటి సాక్షి: ఇలబూదో ఫెలిసితె, పక్కింటి దర్జీ.

రెండో సాక్షి: జెర్బో ద్రామాన్. వీలునామా రాసినవాడు నా ఎదుటే సంతకం చేశాడు. అందులో బుద్ధి స్థిరంగా ఉంది అన్న ముక్క పచ్చి అబద్ధం, ఈ బానిసకి పుట్టిన్నాటి నుంచీ అది లేదు. మిగతాదానికి సాక్షిని. ఏడో పుస్తకం చివరి పేజీలో ఇది రాసుకో: ఆమె నూరడం ఆపుతుంది. అప్పుడు పక్కింట్లోంచి రాయి చప్పుడు వినిపిస్తుంది. అదీ ఖాళీ రాయే. అంతేరా సినిమా, వైర్లు చుట్టుకునేవాడా. గొయ్యి కాస్త వెడల్పుగా తవ్వించమను, ముందు పడుకునేది నేను.