రెండుసార్లు మారిన మైళ్లు

గౌరవనీయులైన ట్రాఫిక్ జడ్జిగారికి,

మా అమ్మమ్మ వెర్నా స్టాట్స్ మితిమీరిన వేగంతో నడిపిందని పోలీసులు ఆవిణ్ణి చర్చి దారిలో ఆపారు. తప్పు ఆవిడది కాదండి. తన బండి రిపేరులో ఉందని ఆవిడ నాది తీసుకెళ్లింది.

అది నేను జపాన్ నుంచి తెప్పించుకున్న స్పోర్ట్స్ కారు. స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉంటే, ముల్లు మైళ్లు చూపించేలా వెనకాల ఒక చిన్న పరికరం బిగించాను. నన్ను సంతోషపెడదామని మా బావ డారెల్, నాతో మాటైనా చెప్పకుండా, మైళ్ల అంకెలున్న డయల్ తెచ్చి స్పీడోమీటర్‌కి వేశాడు. అలా ఒకసారి తగ్గిన అంకె మళ్లీ తగ్గింది. ముల్లు ముప్పై అయిదు మైళ్ల దగ్గరుంటే కారు నిజానికి గంటకి యాభై ఆరు మైళ్ల వేగంతో పోతోంది.

"ఇంత నెమ్మది బండి కోసం జపాన్ దాకా ఎందుకురా?" అని ఆవిడ ఆ ముల్లు చూసి నన్ను తిట్టింది కూడా.

ఇప్పుడు సరిచేశాం. కారు నీరసపడిపోయిందని ఆవిడ అలిగింది.

దయచేసి జరిమానా రద్దు చేయండి. ఇంకొక్క మనవి. ఎంత వేగంతో వెళ్లావని మాత్రం కోర్టులో ఆవిణ్ణి అడక్కండి. చర్చిలో ఆవిడ చెబుతున్న అంకె పోయిన ఆదివారానికే తొంభై దాటింది.

ఇట్లు,
తాళాలు ఇంకా చేతికి రాని మనవడు